నా పేరు మీద ఒక దీవి

ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చి మూడు నెలలైంది. ఇప్పటికీ కూరల బండి దగ్గర ఎవరు కలిసినా, "కంగారూని చూశారా అండీ?" అనే అడుగుతున్నారు. చూడలేదు. ఒక దుకాణంలో కంగారూ తోలుతో కుట్టిన పర్సు చూశాను, ధర చూసి తీసినచోటే పెట్టేశాను. అంత దూరం వెళ్లి ఆ ఒక్కటీ చూడకుండా వచ్చానని మా వీధి వీధంతా నా మీద జాలిపడుతోంది. ఆ జాలి భరించలేక, చూసినవేవో రాద్దామని కూర్చున్నాను.

అసలు మేము వెళ్లింది దేశం చూడ్డానికి కాదు, దేశం కొనుక్కోవడానికి. ఆస్ట్రేలియా కాదు లెండి, అంత స్తోమత మాకు లేదు. దానికి ఆవల పసిఫిక్ సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి. పటంలో వెతికితే అచ్చులో పడ్డ మరకేమో అనిపిస్తుంది. దాని పేరు ఎక్కడా రాయనని మావారికి మాటిచ్చాను కాబట్టి రాయను.

మావారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆ రొయ్యలు జపాను వెళతాయి. కొనేవాళ్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే మధ్యవాళ్ల బెడద ఉండదని మావారి ఆశ. కానీ వీసా కోసం మద్రాసు వెళ్లినప్పుడల్లా ఉత్తచేతులతో తిరిగొచ్చారు. "నా రొయ్య ఎల్లిన చోటికి నేను ఎల్లలేకపోతన్నానే!" అని ఇంట్లో ఒకటే బాధ. అలాంటి రోజుల్లో హైదరాబాదులో ఒక పెళ్లిభోజనంలో, పక్క విస్తరి ముందు కూర్చున్న కన్సల్టెంటు ఒకాయన ఈ దీవి సంగతి చెవిన వేశాడు. అక్కడ కొబ్బరితోట కౌలుకి తీసుకుని పెట్టుబడి పెడితే పౌరసత్వం ఇస్తారట. ఆ పాస్‌పోర్టు చూపిస్తే జపానువాళ్లు ఎదురొచ్చి తీసుకెళతారట. మావారు ఆ పూట పెరుగన్నం దాకా ఆగకుండా లేచొచ్చేశారు. డబ్బు అక్కడికి ఎలా చేరిందని మాత్రం నన్నడగకండి. అది మావారికీ, సింగపూరులో ఉన్న వారి మేనత్త కొడుక్కీ తెలిసిన విషయం.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మేమేది కొన్నా నా పేరు మీదే కొంటాం. మొదటి చెరువు నా పేరు మీద తవ్వించారు. ఆ ఏడు చుట్టుపక్కల చెరువులన్నిటికీ జబ్బు తగిలింది, మాది నిలబడింది. అంతే, "సత్యవతి పేరు కలిసొచ్చింది" అని ఊళ్లో స్థిరపడిపోయింది. తర్వాత కొన్న చెరువులూ, ఐసు ఫ్యాక్టరీ, లారీ, ఆఖరికి మావారు తిరిగే స్కూటరు కూడా నా పేరు మీదే ఉన్నాయి. సంతకం ఎక్కడ పెట్టాలో మావారు వేలు పెట్టి చూపిస్తారు, నేను ఆ వేలు పక్కన పెడతాను. దీవిలో కొబ్బరితోట కూడా సహజంగానే నా పేరు మీద తీసుకున్నారు. మిగిలింది సిడ్నీలో ఆ దీవి తరఫున ఉన్న గౌరవ కాన్సులు ఎదుట ఆఖరి సంతకం. అందుకోసమే ప్రయాణం.

విమానాశ్రయంలో చింతపండు

సిడ్నీలో దిగగానే మా పెట్టె తెరిపించారు. ఆ దేశంలోకి విత్తనం, పాలవస్తువు, మట్టి ఏదీ రానివ్వరని మాకెవరూ చెప్పలేదు. తనిఖీ చేసే కుర్రాడు నా సామానంతా బల్ల మీద వరసగా పేర్చాడు. నెయ్యి డబ్బా తీసి పక్కన పెట్టాడు. ఆవకాయ జాడీ మూత తీసి ఒక్కసారి వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని మాత్రం నాకు మర్యాదగా తిరిగిచ్చేశాడు. చింతపండు దగ్గర ఆగిపోయాడు.

"ఇందులో గింజలున్నాయి."

"గింజలు తీసేస్తే ఇస్తారా?" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. పెళ్లికి ముందు హైస్కూల్లో సోషలు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు ఇంకా పోలేదు.

అతను నవ్వేసి ఒక చెత్తబుట్ట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను. వచ్చేపోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు. ఒక ముసలి దొరసాని, ఇదేదో పూజ అనుకుందో ఏమో, నాకు నమస్కారం పెట్టింది. కొత్త కోటు వేసుకున్న మావారు మాత్రం నేనెవరో తెలియనట్టు స్తంభం దాకా వెళ్లి నిలబడ్డారు. చింతపండు దక్కింది. నెయ్యి దక్కలేదు.

పెండిల్ హిల్

పెండిల్ హిల్ అనే సిడ్నీ శివారులో మాకు ఆతిథ్యమిచ్చింది ఎస్తేరు. నరసాపురంలో మావారికి లెక్కలు చెప్పిన మాస్టారి కూతురు. సిడ్నీలో ఒక ఆస్పత్రిలో నర్సు. వాళ్లాయనకి రైల్వేలో పని, మేమున్నన్నాళ్లూ ఆయన డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నారు. మావారిని అన్నయ్యగారనీ, నన్ను వదినా అనీ పిలిచేది. పొద్దున్నే ఇంత వంట చేసి, యూనిఫారం వేసుకుని, గుమ్మం దగ్గర తాళాలు వెతుక్కుంటూ ఒక్క గుక్కలో చెప్పేది.

"వదినా, ఇవాళ నాకు డబుల్ షిఫ్ట్ అండి, వచ్చేసరికి లేట్ అవుద్ది. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, మైక్రోవేవ్‌లో జస్ట్ టూ మినిట్స్ పెట్టుకోండి. అన్నయ్యగారికి మజ్జిగ కావాలంటే యోగర్ట్ డబ్బా ఓపెన్ చేసెయ్యండి. సిగ్గుపడకండి, ఓకేనా?"

ఆమె కూతురు ప్రిస్కిల్లాకి పన్నెండేళ్లుంటాయి. నేను తెలుగులో మాట్లాడితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. "అన్నం తిన్నావా అమ్మా?" అంటే "యెస్ ఆంటీ, యూ ఆస్క్‌డ్ మీ బిఫోర్ టూ" అనేది. మన వైపు ఆ ప్రశ్న ఎన్నిసార్లడిగినా తప్పులేదని ఆ పిల్లకి చెప్పి చూశాను, నమ్మలేదు.

ఆ దేశంలో ఎవరి గడ్డి వాళ్లే కోసుకుంటారు. డాక్టరైనా సరే, శనివారం పొద్దున ఇంటి ముందు యంత్రం తోస్తూ కనిపిస్తాడు. ఎస్తేరు ఒక్కతే తోస్తుంటే మావారి మనసు ఊరుకోలేదు. "నువ్వు లోపలికెల్లమ్మా" అని యంత్రం అందుకున్నారు. మన పొలాల్లోలాగా గట్టు కనపడేదాకా కోసుకుంటూ పోయారు. ముందువైపు ఇళ్లకి ప్రహరీలుండవు. అలా పక్కింటిది, ఆ పక్కింటిది సగం కోశాక గాని ఎవరూ ఆపలేదు. పక్కింటి దొర బీరు సీసా తెచ్చి చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్లాడు. కాన్సులు దగ్గరికి వెళ్లకముందే ఈ దేశంలో తనకి పరపతి వచ్చేసిందని మావారు ఆ రోజంతా చెప్పుకున్నారు.

కూరగాయలు కొనడం నాకు మహా కష్టమైంది. డాలరుని రూపాయల్లోకి మార్చి చూడకుండా ఉండలేను. కొత్తిమీర కట్ట ఇరవై రూపాయలని తేలగానే చేతులు రాలేదు. మన దగ్గర వంకాయలు కొంటే కొసరుగా పడేసేది అది. "వదినా, కన్వర్ట్ చెయ్యకండి, చేస్తే ఇక్కడ ఏవీ తినలేరు" అంది ఎస్తేరు. అయినా కొత్తిమీర వేయకుండానే చారు పెట్టాను.

అప్పన్నగారి కొట్టు

పెండిల్ హిల్ స్టేషను దగ్గర ఒక చిన్న పచారీ కొట్టుంది. పప్పులు, అగరొత్తులు, హిందీ సినిమా క్యాసెట్లు అన్నీ ఒకే అరలో ఉంటాయి. కొట్టాయన పేరు అప్పన్న. పెద్దవారు. పేరు చూసి మనవాళ్లే అనుకుని గబగబా తెలుగులో మాట్లాడేశాను. ఆయన ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ బదులిచ్చారు. ఆయన పుట్టింది ఫిజీ దీవుల్లోనట. చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్లిన తాత విశాఖపట్నం వైపువాడట.

"తాత తెలుగు, నాయన సగం తెలుగు, నేను ఇంత" అని చిటికెన వేలి కొస చూపించారు. "అన్నం, నీళ్లు, అమ్మ, దేవుడు. ఇంతే వచ్చు అమ్మా."

దీవులంటే ఈయనకి బాగా తెలిసుంటుందని మావారు ఉత్సాహంగా మా సంగతి చెప్పేశారు. రహస్యం అన్నది ఆయనే, పచారీ కొట్టులో చెప్పిందీ ఆయనే. అప్పన్నగారు బియ్యం తూస్తున్నవారు ఆగారు.

"పాస్‌పోర్టు కొంటారా? దీవిది?" అని పెద్దగా నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. "నేను దీవిలో పుట్టాను. కొనలేదు. నాయన అక్కడే, అమ్మ అక్కడే మట్టిలో. సోల్జర్లు గవర్నమెంటు తీసుకున్నారు. నువ్వు ఇండియా మనిషివి, మా మనిషివి కాదు అన్నారు. నేను ఇండియా చూడలేదు అమ్మా, ఒక్క రోజు కూడా."

మావారు "అయ్యో" అన్నారు. అప్పన్నగారే తేరుకుని, మీది ఇంకో దీవి కదా, అక్కడివాళ్లు మంచివాళ్లు, కొనుక్కోండి అని, మాకు రెండు బొబ్బట్లంతేసి తియ్యటి రొట్టెలు ఊరికే ఇచ్చారు. కొబ్బరి వేసి చేసినవి. బాగున్నాయి.

కాన్సులు గారి గ్యారేజీ

కాన్సులు అంటే గడియారం గొలుసు వేలాడేసుకున్న దొర ఎవరో ఉంటాడనుకున్నాం. మంచి ముహూర్తం చూసుకుని, మావారు కోటూ నేను పట్టుచీరా కట్టుకుని రెండు రైళ్లు మారి వెళ్లాం. తీరా చూస్తే అదొక మామూలు ఇల్లు, ఇంటి పక్కన గ్యారేజీ. గ్యారేజీ గోడకి ఆ దేశపు జెండా, కింద చాప, చాప మీద పెద్ద పెద్ద పూల గౌను వేసుకున్న నిండైన మనిషి కూర్చుని కొబ్బరి కోరుతోంది. పేరు లూసియా. ఆవిడే కాన్సులు. మర్నాడు వాళ్ల చర్చిలో విందుందట.

ఆ కొబ్బరి కోరాము అచ్చం మా ఇంట్లోదే! పీట మీద కూర్చుని, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ల మీద చిప్ప తిప్పడమే. చూస్తూ ఊరుకోలేక, పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని నేనూ ఒక చిప్ప అందుకున్నాను. లూసియా నా చేతివాటం చూసి, లోపలున్న వాళ్లందర్నీ పిలిచి చూపించింది. ఈ ముచ్చట ఎంతకీ తెగకపోవడంతో మావారు గొంతు సవరించుకున్నారు.

లూసియా చేతులు తుడుచుకుని బల్ల వెనక్కి వెళ్లింది. అప్పుడు నిజంగానే కాన్సులులా కనిపించింది.

"సత్యవతిగారంటే మీరేగా? సంతోషం. మా దేశానికి కాబోయే పౌరురాలు మీరు. ఈయన మీ మీద ఆధారపడిన భర్త, అంతేనా?"

మావారు రెండు చేతులూ అడ్డంగా ఊపేశారు. "నో, నో మేడం! ఐ యాం మెయిన్. షీ ఈజ్ ఓన్లీ నేమ్!"

"మాకు పేరే ముఖ్యం" అంది లూసియా నెమ్మదిగా. "పెట్టుబడి ఎవరి పేరున ఉంటే పౌరసత్వం వాళ్లకి. తోట ఈవిడదని మీరే రాయించారు."

అన్నీ ఆవిడ పేరు మీదే పెట్టమని కన్సల్టెంటుకి పదేపదే చెప్పింది మావారే. కొబ్బరితోటతోపాటు పౌరసత్వం కూడా నా ఒళ్లో పడుతుందని ఆయనకి తట్టలేదు. కాసేపటికి తేరుకుని, సరే, ఆవిడకొస్తే నాకొచ్చినట్టే, ఉన్న పాస్‌పోర్టుకి తోడు ఇదొకటి అన్నారు. రెండు పాస్‌పోర్టులంటే రెండు రేషను కార్డుల్లాంటివని ఆయన ధీమా.

లూసియా తల అడ్డంగా ఊపింది. "మాకేం అభ్యంతరం లేదు. మీ దేశమే ఒప్పుకోదు. మాది తీసుకున్ననాడు ఈవిడ భారతీయురాలు కాకుండా పోతుంది. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరో చెప్పడమేమిటి, నేనే చెప్పేదాన్ని! పౌరసత్వం ఏయే విధాలుగా పోవును అన్నది తొమ్మిదో తరగతి పౌరశాస్త్రంలో అయిదు మార్కుల ప్రశ్న. ఇతర దేశ పౌరసత్వమును స్వచ్ఛందముగా స్వీకరించినచో అని పిల్లల చేత ఎన్నిసార్లు వల్లె వేయించానో. అది నాకే జరగబోతుందని కలలో కూడా అనుకోలేదు.

"తొందరేం లేదు. సోమవారం రండి" అని, లూసియా నా వైపు మాత్రమే చూస్తూ అంది, "ఆ రోజు నేను మిమ్మల్నొక్కర్నే అడుగుతాను. మా దగ్గర పద్ధతి అది. మా ఊళ్లోకి వచ్చే మనిషి, వస్తానని తన నోటితో తను చెప్పాలి."

చేపల మార్కెట్టు, పడవ

మర్నాడు మావారు చేపల మార్కెట్టు చూడాలన్నారు. దిగులుగా ఉన్నప్పుడు రొయ్యలు చూస్తే ఆయనకి ఊరట. మార్కెట్టు శుభ్రంగా ఉంది, ఈగ లేదు, అరుపుల్లేవు. ఐసు మీద రొయ్యలు కుప్పలుగా పోసి ఉన్నాయి, కాని ఎర్రగా ఉన్నాయి. ఉడకబెట్టేసి అమ్ముతారట. జనం అక్కడే బల్లల మీద కూర్చుని, పెంకు ఒలుచుకుని, నిమ్మకాయ పిండుకుని చల్లటివే తినేస్తున్నారు. పసుపు లేదు, కారం లేదు, పోపు మాటే లేదు. మావారు ఒకటి తిని, ఏదో తీరని అన్యాయం చూసినట్టు మొహం పెట్టారు.

అక్కణ్నుంచి సర్క్యులర్ కీ అనే రేవుకి వెళ్లి, అవతల మాన్లీ ఒడ్డుకి వెళ్లే పడవ ఎక్కాం. ఆ పడవ ప్రయాణం మాత్రం ఎవరు వెళ్లినా తప్పక చేయాలి. ఒకవైపు ఒపెరా హౌసు, ఒకవైపు పెద్ద వంతెన, మధ్యలో నీలం నీళ్లు. పడవలో రోజూ తిరిగే ఊరివాళ్లు పేపరు చదువుకుంటూ తలెత్తి కూడా చూడరు. మేము పైన గాలిలో కూర్చున్నాం. మావారు ఒళ్లో చేపముక్కలు, బంగాళదుంప వేపుడు పొట్లం పెట్టుకుని మొదలుపెట్టారు.

"రాత్రంతా ఆలోచించానే. ఇదే మంచిదనిపిస్తంది. పాస్‌పోర్టు నీకే రానీ. జపాను నువ్వే ఎల్లు. అక్కడ ఏం మాట్లాడాలో నేను ఫోన్లో చెప్తాను."

"నాకు మన దేశానిది పోతుంది కదండీ?"

"పోతే పోద్ది. నీకేం తగ్గుద్ది? ఉండేది మనింట్లోనేగా."

"మరి నా పేరు మీదున్న చెరువులూ పొలాలూ? పరాయిదేశం మనిషి పేరు మీద ఉండనిస్తారా?"

"అంత ఆలోచించలేదనుకున్నావా? అయ్యన్నీ నా పేరు మీదకి మార్పించేత్తాను."

ఎంత తేలిగ్గా అన్నారో! ఇన్నేళ్లుగా కలిసొచ్చిన పేరు ఒక్క మాటలో పక్కకి జరిగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లూ మండింది. పెళ్లైన నాటి నుంచి నోట్లో వేలు పెట్టినా కొరకదని పేరు తెచ్చుకున్నదాన్ని. ఆ రోజు మాత్రం అడిగాను.

"అయితే ఒక పని చేద్దాం. చెరువులెందుకు మార్చడం? ఆ దీవి తోటనే మీ పేరు మీదకి మార్పించుకోండి. పౌరుడు మీరే అవ్వండి. జపానూ మీరే వెళ్లొచ్చు, ఫోను ఖర్చు మిగులుతుంది."

మావారు నోటి దాకా తీసుకెళ్లిన చేపముక్క అలాగే గాల్లో ఉండిపోయింది. ఎక్కణ్నుంచి చూసిందో, ఒక సముద్రపు పక్షి రివ్వున వచ్చి దాన్ని తన్నుకుపోయింది. ఇంకో రెండు వచ్చి పొట్లం మీద పడ్డాయి. కాసేపు కోటు మీద, జుట్టు మీద రెక్కలే రెక్కలు. పక్క బెంచీ మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతా సద్దుమణిగి, కోటు దులుపుకున్నాక ఆయన చిన్న గొంతుతో అన్నారు.

"నేనెలాగే? సొసైటీ ఎన్నికలొస్తన్నాయి, ప్రెసిడెంటుగా నిలబడతానని అందరికీ చెప్పేశాను. అసలు మన దేశపోణ్నే కాదంటే నలుగురిలో తలెత్తుకు తిరగ్గలనా?"

"మరి నేనో?"

"నిన్నెవరడుగుతారే?"

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. ఆయన చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే కాళ్ల దగ్గర కూర్చునే మనిషి. అందుకే ఆ మాట మరీ లోపలికి దిగింది. మాన్లీలో దిగి సముద్రం ఒడ్డున చాలాసేపు నడిచాం గాని, నేనేం చూశానో నాకు గుర్తులేదు.

ఎస్తేరు వంటింట్లో

ఆ సాయంత్రం ఎస్తేరుతో చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ విన్నది. తనూ, వాళ్లాయనా నిరుడే ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నారట.

"నీకు బాధనిపించలేదా?" అన్నాను.

"ఎందుకనిపించదు వదినా? సెర్మనీలో ఏడ్చేశాను. మా నాన్నగారు గుర్తొచ్చారు. ఇంటికొచ్చాక కూడా టూ డేస్ అన్నం తినబుద్ధి కాలేదు. కానీ అది నా డెసిషన్ వదినా. ఆ రోజు రోస్టర్‌లో నా డ్యూటీ ఉంటే ఇంకో ఆవిడతో స్వాప్ చేసుకుని మరీ వెళ్లాను. రేపెప్పుడైనా రిగ్రెట్ అయితే నన్ను నేనే తిట్టుకుంటాను, ఇంకొకర్ని కాదు."

బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న ప్రిస్కిల్లా తలెత్తింది. మా మాటలన్నీ విన్నట్టుంది. "ఆంటీ, జస్ట్ సే నో" అని మళ్లీ పుస్తకంలోకి వంగింది. నోటితో అనడానికి అదెంతసేపు! ఆ రాత్రి చింతపండు పులుసు కాచి, తినకుండా పడుకున్నాను.

సోమవారం

లూసియా మా ఇద్దరికీ చల్లటి కొబ్బరినీళ్లిచ్చింది. తర్వాత మావారి చేతికి కోరాము పీట ఇచ్చి, బయట చెట్టు కింద కూర్చోమంది. వాళ్లింట్లో ఆ పని మగవాళ్లూ చేస్తారట. కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, మావారు జన్మలో మొదటిసారి కొబ్బరి కోరడానికి కూర్చున్నారు. లూసియా గ్యారేజీ తలుపు వేసింది.

"ఇప్పుడు చెప్పండి. మా దేశానికి వస్తారా?"

నేను రాత్రంతా ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నాను. అవన్నీ గాలికి పోయాయి. మిగిలిన మాటల్లోనే చెప్పాను.

"అమ్మా, మీ దేశం మీద నాకేం కోపం లేదు. నాకు చాలా చెరువులున్నాయి. అవి నా భర్త నా పేరు మీద రాశారు. ఫ్యాక్టరీ ఆయన రాశారు. లారీ ఆయన రాశారు. మీ తోట కూడా ఆయనే రాశారు. రేపు కావాలంటే అన్నీ తిరిగి తీసుకుంటారు, నేను సంతకం పెడతాను. కానీ ఎన్నికలప్పుడు ఆయన ఇంట్లో అందరికీ ఫలానా గుర్తు మీద ముద్ర వేయమని చెబుతారు. నేను సరేనని తల ఊపి, అట్ట చాటుకి వెళ్లి నాకు నచ్చినదాని మీద వేస్తాను. పెళ్లైన దగ్గర్నుంచి ప్రతిసారీ అంతే. అది ఆయన నా పేరు మీద రాసింది కాదు. నా పేరు మీద నాకున్నది అదొక్కటే. దాన్ని ఇవ్వలేను."

చెబుతుంటే ఏడుపొచ్చింది. ఓటు గురించి ఏడ్చినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. లూసియా లేచి వచ్చి నన్ను తన పూల గౌనులోకి పొదువుకుంది. ఆవిడ దగ్గర కొబ్బరినూనె వాసన వేసింది. ఆ వాసనకి ఇంకాస్త ఏడ్చాను.

"మంచిది. వచ్చినవాళ్లలో ఇలా చెప్పింది మీరే" అంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ కాన్సులు అయిపోయింది. "పౌరసత్వం తీసుకోకపోయినా తోట కౌలు చెల్లుతుంది. అది మీదే. మీరు సంతకం పెడితే తప్ప ఎవరూ దాన్ని కదపలేరు, మీ ఆయనతో సహా."

బయటికి వచ్చేసరికి మావారు రెండు వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, గిన్నె అడుగున ఇంత కోరుతో కూర్చుని ఉన్నారు.

"అయిపోయిందా? పెట్టేశావా?"

"పెట్టలేదండీ. వద్దని చెప్పాను."

వెనక్కి వచ్చేటప్పుడు రైల్లో మావారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మొదటి రైల్లో అలకే. రెండో రైలు ఎక్కాక, అంత దూరం ఎందుకొచ్చినట్టు, పరువేం కావాలి అని కాస్త కేకలేశారు. నేను లూసియాతో చెప్పినదంతా మాట పొల్లుపోకుండా ఆయనకీ చెప్పాను. పెండిల్ హిల్ స్టేషను వస్తుండగా, లేచి నిలబడి, ఎటో చూస్తూ అడిగారు.

"ఇంతకీ పోయినసారి ఎవరికేశావు?"

"అది చెప్పకూడదండీ" అన్నాను.

ఇంటికొచ్చాక

జపాను సంగతి చెప్పకపోతే మీరు బెంగపెట్టుకుంటారు. రొయ్యలు కొనే జపాను కంపెనీవాళ్లే ఆహ్వానం పంపారు. అది పట్టుకుని మద్రాసు వెళితే ఈసారి వీసా ఇచ్చేశారు. మావారు తన సొంత పాస్‌పోర్టు మీదే టోక్యో వెళ్లొచ్చారు. వచ్చి, అక్కడ రొయ్యలు పచ్చివే తింటారని, వాళ్లకంటే సిడ్నీవాళ్లే నయమని వీధి అరుగు మీద కూర్చుని చెబుతున్నారు.

పోయిన వారం భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, మంచి బేరం వచ్చిందన్నారు. సింగపూరు బావ ఎవర్నో చూశాడట. మనకిక ఆ కొబ్బరితోట ఎందుకు, కౌలు హక్కు అమ్మేద్దాం, నువ్వొక్క సంతకం పెడితే చాలు అన్నారు. ఆ తోట నేను చూడలేదు, చూస్తానన్న నమ్మకమూ లేదు. ఎన్ని చెట్లో, ఎలాంటి కాయలో, దింపు తీసేదెవరో ఏమీ తెలియదు.

"ఆలోచించి చెబుతానండీ" అన్నాను.

మావారు నా మొహంలోకి చూశారు. ఇది ఆయన ఎప్పుడూ వినని మాట. "ఎన్నాళ్లు ఆలోచిస్తావు?" అన్నారు, కాస్త జాగ్రత్తగానే.

వారమైంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అడుగుతున్నారు. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.